బళ్లారి రాఘవగారి జీవితము



వార్షికోత్సవము సమీపించినప్పుడెల్ల మన పాఠశాలలో సాయంకాలము బడి విడిచిన పిమ్మట నాటకము నభ్యసించుట మీకందరకును తెలిసినదే. అట్టి యభ్యాసమున ఒక బాలునకు రాజభటుని వేషము లభించెను. ఆ వేషమునకు ఒక్క మాటయైనను లేదు. ఈటె చేతబట్టి రాజు ప్రక్కన నిలువవలయును, అంతియే. రాజు తన కుమారుని మరణవార్త విని కూలబడు ఘట్టమున ఈ భటుడు ఎదుట కూర్చున్న స్నేహితులను చూచి చిరునవ్వు నవ్వుచుండెను. నేను మందలింపగా, మాటలే లేని తాను చేయవలసినదేమని ఆ బాలుడు వినయముగనే యడిగెను. అది అవిధేయత కాదు, మంచి ప్రశ్న. నటనకళ యంతయు ఆ ప్రశ్నయందే యిమిడియున్నది. నేనప్పుడు చెప్పిన యుత్తరము నాకే తృప్తి నొసగలేదు. అందుచేత మన సీమలోనే పుట్టి, మాటలతోడనే గాక మౌనముతోడను ప్రేక్షకుల హృదయములను కదలించిన యొక మహానటుని చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాను. ఆయన జీవితమును చెప్పుచు, నాటకము నేర్చువారు ఎఱుగవలసిన ముఖ్యపదముల యర్థములను గూడ సందర్భానుసారముగ వివరించెదను.

ఆయన పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. లోకమాయనను బళ్లారి రాఘవ యని పిలిచినది.

రాఘవగారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన పెన్నానదీ తీరమందలి తాడిపత్రిలో జన్మించిరి. తండ్రి నరసింహాచార్యులుగారు బళ్లారిలో తెలుగు పండితులు, తల్లి శేషమ్మగారు. అప్పటికి ధాత కరవు గడచి రెండేండ్లు మాత్రమే యైనది. 1876 మొదలు 1878 వరకు నిలిచిన ఆ మహాక్షామమున మన మెట్టసీమ యెంత శ్రమపడినదో మీ యిండ్లలోని పెద్దలు తమ పెద్దలవలన విన్న కథలుగా నేటికిని చెప్పుదురు. నాటికి అనంతపురము జిల్లా యింకను ఏర్పడలేదు. తాడిపత్రియు, ధర్మవరమును, పెనుకొండయు బళ్లారి జిల్లాలోనివే. 1882లో అనంతపురము ప్రత్యేక జిల్లా యయ్యెను. 2022లో మన కొత్తచెరువు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరెను. కావున ఆ కాలమున కచేరీ పనికైనను, పెద్ద చదువునకైనను ఈ ప్రాంతపువారికి బళ్లారియే పట్టణము. తెలుగును, కన్నడమును ప్రక్కప్రక్కన వినబడు ఆ పట్టణమునందే రాఘవగారి బాల్యము గడచెను.

1880వ సంవత్సరముననే, ఇచ్చటికి బహుదూరమున గోదావరీ తీరమందలి రాజమహేంద్రవరములో, కందుకూరి వీరేశలింగము పంతులుగారు వ్యవహారధర్మబోధిని యను నాటకమును తమ విద్యార్థులచే ఆడించిరి. ఆధునికమైన తెలుగు నాటకప్రదర్శనములలో అది మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. తెలుగు రంగస్థలమును, రాఘవగారును ఒకే యేట కన్నులు తెఱచిరనవచ్చును. ఆ మొదటి ప్రదర్శనము నొక యుపాధ్యాయుడును, ఆయన విద్యార్థులును జరిపిరని మనము మఱువరాదు.

రాఘవగారికి ఈ విద్య ఇంటిలోనే ఎదురుచూచుచుండెను. ఆయన మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు. వీరు 1853లో మనకు పొరుగుననున్న ధర్మవరమున జన్మించి, బళ్లారిలో న్యాయవాదియై, సరసవినోదిని యను సభను స్థాపించి, నాటకములను తామే వ్రాసి, తామే నటించిరి. 1887లో వీరి చిత్రనళీయము బళ్లారిలో ప్రదర్శింపబడెను. ఆంధ్రనాటక పితామహుడని తెలుగువారు వీరిని గౌరవించిరి. పట్టుచీరలకు పేరొందిన ధర్మవరము తెలుగు నాటకమునకు సైత మొక పెద్దను ఇచ్చినదను మాట మన బాలురలో అనేకులకు తెలియదు.

ఆ మేనమామగారి నాటకశాలలో బాలుడైన రాఘవ వినియుండదగిన మాటలను మీరును వినుడు. నటులు నిలిచి యాడు వేదిక రంగస్థలము. దాని ముందు వ్రేలాడు తెరకు సంస్కృతమున యవనిక యని పేరు. తెర వెనుక నటులు వేషములు ధరించు చోటు నేపథ్యము. పాత్ర కనబడక లోపలినుండి మాట మాత్రమే వినవలసిన తావున, పుస్తకములో నేపథ్యమందు అని వ్రాయుదురు. నేడు పత్రికలలో ఈ పదమును ఒక సంగతికి వెనుకనున్న వృత్తాంతమను నర్థమున వాడుచున్నారు గాని, దాని పుట్టినిల్లు నాటకశాలయే. రంగస్థలమునకు రెండు వైపుల నటులు వచ్చిపోవు సందులను మనవారు వింగులందురు. పాత్ర రంగము మీదికి వచ్చుట ప్రవేశము, వెడలుట నిష్క్రమణము. వింగులో దాగి పుస్తకము చూచుచు, మఱచినవానికి మాట నందించువాడు ప్రాంప్టరు.

ప్రాచీన నాటకము దేవతాస్తుతితో మొదలగును; దానికి నాంది యని పేరు. పిమ్మట నాటకమును నడపు సూత్రధారుడు వచ్చి, నటితో ముచ్చటించుచు, రాబోవు కథను సూచించును, ఇది ప్రస్తావన. లోకక్షేమమును కోరుచు కడపట పలుకు ఆశీర్వచనము భరతవాక్యము. కథయొక్క పెద్దభాగము అంకము. అంకమునందు స్థలము గాని, కాలము గాని మాఱినపుడు కలుగు చిన్నభాగము రంగము. ప్రాచీనుల నాటకము శుభముతో ముగియవలయునని నియమము. రామకృష్ణమాచార్యులవారు మన సంప్రదాయమును ఆంగ్లనాటకపు పద్ధతితో జోడించి, విషాదసారంగధరమున దుఃఖాంత నాటకమును తెలుగువారికి చూపిరి. పద్యములతో పాటు పాటలను గూడ నాటకమున విరివిగ చేర్చిన వారిలో వీరు ముఖ్యులు. ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

బళ్లారిలో పాఠశాల చదువు ముగించి రాఘవగారు చెన్నపట్టణమునకు పోయి క్రిస్టియను కళాశాలలో పట్టభద్రులైరి. మిల్లరు దొరగారు అధ్యక్షులుగా నుండిన కాలమున ఆ కళాశాలలో షేక్స్పియరు నాటకములకు గొప్ప మర్యాద కలదు. దొరగారు ఆ కవియొక్క విషాదనాటకములను గూర్చి విద్యార్థులకు బోధించుటయే గాక గ్రంథములను సైతము రచించిరి. రాఘవగారికి షేక్స్పియరునందు మక్కువ బాల్యమునుండియే కలదు. చిన్ననాడే బళ్లారిలో స్నేహితులతో గూడి ఆ కవి పేర నొక సంఘమును నెలకొల్పి ఆంగ్ల నాటకములను ఆడియుండిరి. పిమ్మటి కాలమున షైలాకు, ఒథెల్లో మొదలగు పాత్రలను ధరించి ఖ్యాతి గాంచిరి.

ఇచ్చట మఱి కొన్ని పదములు తెలియవలయును. పాత్ర తన మనస్సులోని యూహను ఒంటరిగ తనలో తానే పలుకుట స్వగతము. హామ్లెట్టు రాకుమారుని స్వగతములు లోకప్రసిద్ధములు. అందరును వినునట్లు పలుకుట ప్రకాశము. రంగముపై పలువురుండగా వేలితో అడ్డముపెట్టు ముద్రపట్టి, ఒక్కనితో మాత్రము మాటలాడి, తక్కినవారు వినలేదని భావింపజేయుట జనాంతికము. ప్రక్కకు తిరిగి రహస్యమును చెప్పుట అపవారితము. స్వగతమును ప్రకాశమువలె కేకలు వేయుట క్రొత్త నటులు తఱచుగ చేయు తప్పు. మనిషి తనతో తాను మాటలాడుకొనునపుడు సభను చూచి చేయి యూపడు గదా!

చెన్నపట్టణముననే న్యాయశాస్త్రమును గూడ చదివి, రాఘవగారు బళ్లారికి మరలి వచ్చి, మేనమామగారి యొద్ద న్యాయవాదవృత్తిని ప్రారంభించిరి. వృత్తియందు ధనమును, ప్రతిష్ఠను సంపాదించిరి. నాటకము ఆయనకు జీవనోపాధి కాదు. కడుపుకొఱకు గాక కళకొఱకు నటించువారిని ఔత్సాహికులందురు, ఆయన అట్టివారు. ఆ కాలమున వేషము కట్టువానిని సంఘము మర్యాదగ చూచెడిది కాదు. నాటకమాడు బాలుడు చెడిపోవునని తల్లిదండ్రులు భయపడెడివారు. ఆ భయము నేటికిని పూర్తిగ పోలేదు. పగలు న్యాయస్థానమున పెద్దమనిషిగా నిలిచిన యాయన రాత్రి ముఖమునకు రంగు పూసికొని రంగస్థలమున నిలుచుటకు సిగ్గుపడలేదు. ఆయనవంటి విద్యావంతులు అట్లు నిలిచినందుననే ఆ కళకు గౌరవము పెరిగెను.

పాత్ర యను మాటకు గిన్నె యనియు నర్థము కలదు. నాటకమందలి మనుష్యునికి ఆ పేరు తగియున్నదని నాకు తోచును. గిన్నెలో మఱియొకటి పోయవలెనన్న, ముందది ఖాళీగ నుండవలయును. నటుడు తన గర్వమును, తన యలవాట్లను, తన గొంతు అందమును గూర్చిన మురిపెమును పాఱబోసినగాని హరిశ్చంద్రుడు వానిలోనికి రాడు. రాఘవగారు హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, రామదాసు, ఔరంగజేబు మొదలుగా ఒకదానితో నొకటి పోలని పాత్రలను ధరించిరి. తెలుగు, కన్నడము, హిందీ, ఆంగ్లము అను నాలుగు భాషలలో నటించిరి.

అయితే నాటి తెలుగు నాటకపు స్థితి యెట్టిది? పద్యమే ప్రధానము. రాజు యుద్ధమునకు పోవుచున్నను, తల్లి బిడ్డను కోల్పోయినను, నటుడు సభకు ఎదురుగ నిలిచి, రాగమును సాగదీసి పద్యమును పాడవలయును. ప్రేక్షకులు వన్సుమోరని కేక వేసిన చచ్చిపడియున్న పాత్రయైనను లేచి మరల పాడుట కలదు. గానము గొప్పదే, మన పద్యము మనకు నిధియే. కాని కథ యెచ్చటికి పోయెను? దుఃఖించువాని దుఃఖ మెచ్చటికి పోయెను?

భరతముని నాట్యశాస్త్రమున అభినయమును నాలుగు విధములుగ చెప్పియున్నారు. చేతులు, తల, కన్నులు, నడక, నిలుకడ మొదలగు శరీరచేష్టలచే భావమును తెలుపుట ఆంగికము. మాటచేతను, స్వరముచేతను తెలుపుట వాచికము. పద్యపఠనము దీనిలో చేరును. వేషము, నగలు, ముఖమునకు పూయు రంగు, ఈటె, కిరీటము మొదలగువానిచే తెలుపుట ఆహార్యము. మనస్సు నిజముగ ఆ యవస్థయందు లీనమైనప్పుడు శరీరమున తనంతట పొడసూపు మార్పులచే తెలుపుట సాత్త్వికము. కదలక స్తంభించుట, చెమర్చుట, గగుర్పాటు, గొంతు మాఱుట, వణకు, ముఖము వెలవెలబోవుట, కన్నీరు, మూర్ఛ అను నెనిమిదిని సాత్త్విక భావములందురు. మొదటి మూడింటిని గురువు నేర్పగలడు. దర్జీవాడును, రంగులు పూయువాడును తోడ్పడగలరు. నాలుగవదానిని మాత్రము నటుడు తన హృదయమునుండియే తీసికొని రావలయును.

రాఘవగారు తెలుగు నాటకమునకు చేసిన గొప్పయుపకారము ఇదియే: వాచికము, అందునను గానము, ఇతరములను మ్రింగివేయుచున్న కాలమున ఆయన సాత్త్వికమునకు దాని స్థానము దానికి ఒసగిరి. రాగమును తగ్గించి యర్థమును పైకి తెచ్చిరి. వచనమును మనుష్యులు మాటలాడునట్లు పలికిరి. ఎదుటి పాత్ర మాటలాడునప్పుడు వినుట సైతము నటనయే యని తమ ముఖముచేత చూపిరి. మేనమామగారు నాటకమున చేర్చిన పాటకు మేనల్లుడు హద్దును ఏర్పఱచెను. ఇది పెద్దలయెడ అవిధేయత యని యెంచరాదు. పెద్దలు నాటిన చెట్టును కాలమెఱిగి కొమ్మలు కత్తిరించుటయు సేవయే.

బళ్లారియందే మఱియొక న్యాయవాది, కోలాచలము శ్రీనివాసరావుగారు, చరిత్రవిషయములతో నాటకములు వ్రాసి పేరొందిరి. ఆయన స్థాపించిన సభ సుమనోరమ. ఆయన రామరాజు చరిత్రము 1565లో విజయనగర సామ్రాజ్యము కూలిన కథ. అందు రాఘవగారు ధరించినది రామరాజు వేషము కాదు, పఠాను రుస్తుము వేషము. రాజు పాత్రకంటె ఆ పఠాను పాత్రయే ప్రేక్షకుల మనస్సున నిలిచిపోయెను. పుట్టుకచే వైష్ణవ బ్రాహ్మణుడైన యొకడు మహమ్మదీయ వీరుని మనస్సులో ప్రవేశించి, వాని రోషమును, వాని బాధను తనవిగా జేసికొనుట సామాన్యము కాదు. మతముల నడుమ వైషమ్యము కలుగునను కారణమున ఆనాటి ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించెను. రంగస్థలముపైని మాటకు ఎంత బలము కలదో దీనివలన తెలియును. కాని శత్రువని తలచిన వానిలోను మనవంటి హృదయమే కలదని చూపగలది గూడ ఆ రంగస్థలమే. షైలాకు పాత్రయు నట్టిదే గదా. అందరిచే అవమానింపబడిన వాని గాయమును నటుడు ఎఱుగనిచో ఆ పాత్ర వట్టి రాక్షసుడగును.

రాఘవగారి కాలమున స్త్రీ వేషములను పురుషులే ధరించుట వాడుక. అందులో స్థానం నరసింహారావుగారివంటి మహానటులు కలరు. అయినను స్త్రీ పాత్రను స్త్రీయే ధరించుట సహజమనియు, చదువుకొన్న గౌరవకుటుంబములలోని స్త్రీలు నిర్భయముగ రంగస్థలమునకు రావలయుననియు రాఘవగారు పట్టుబట్టిరి. పి.వి. రాజమన్నారుగారు వ్రాసిన తప్పెవరిది యను సాంఘిక నాటకమున ఆయనతో పాటు కొమ్మూరి పద్మావతీదేవిగారు నటించిరి. ఆ రచయితయే తరువాత మద్రాసు ఉన్నతన్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. నేడు మన పాఠశాలలో బాలికలు నాటకమాడుట వింతగా తోచదు. ఆ మార్గము నెవరో మన కంటె ముందు నడచి చదును చేసినందున మనకది సులభమైనది.

ఆయన కీర్తి బళ్లారిలోనే నిలువలేదు. బెంగుళూరునందు రవీంద్రనాథ ఠాగూరుగారు ఆయన నటనను చూచి మెచ్చుకొనిరి. 1927లో గాంధీ మహాత్ముడు దీనబంధు కబీరు అను హిందీ నాటకమున ఆయనను చూచి సంతోషించెను. ఆయన ఐరోపాకు పోయి, ఆంగ్లదేశమున బెర్నార్డు షా గారిని కలిసికొని నాటకకళను గూర్చి ముచ్చటించిరి. చలనచిత్రములు వచ్చిన పిమ్మట 1936లో ద్రౌపదీ మానసంరక్షణమునందు దుర్యోధనుడుగాను, 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డయందు రైతుగాను నటించిరి. 1940లో చండికయందును కనబడిరి. కాని ఆయన నిజమైన యిల్లు రంగస్థలమే. తమ విద్యను దాచుకొనక చిన్నవారికి నేర్పిరి. వారిలో బందా కనకలింగేశ్వరరావుగారు తరువాత తాముగ గొప్ప నటులైరి.

1946వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాఘవగారు కన్నుమూసిరి. ఏప్రిలు 16 వీరేశలింగము పంతులుగారి జన్మదినము. ఆ దినమునే నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుచున్నారు. మొదటి తెలుగు నాటకప్రదర్శనము జరిగిన యేట పుట్టి, దానిని జరిపినవారి పుట్టినదినమున గతించుట చిత్రమైన సంఘటన. 1953లో బళ్లారి మైసూరు రాజ్యమున చేరెను, నేడది కర్ణాటకములోనిది. అయినను అచ్చటి రాఘవ కళామందిరము ఆయన పేరును నిలుపుచున్నది. రాష్ట్రముల సరిహద్దులు మాఱినను, కళకు హద్దులు గీయువారు లేరు.

ఇప్పుడు మన రాజభటుని యొద్దకు మరలుదము. మాటలు లేని వాడేమి చేయవలయును? ఈటె పట్టుట ఆహార్యము. నిటారుగ నిలుచుట ఆంగికము. వాచికము వానికి లేదు. మిగిలినది సాత్త్వికము. రాజు కుమారుడు మరణించెనను మాట వాని చెవిని బడినప్పుడు, ఆ బిడ్డను తాను ఎత్తుకొని తిరిగిన దినము వానికి జ్ఞప్తికి రావలయును. అప్పుడు వాని చేతిలోని ఈటె తనంతట తానే కొంచెము వంగును. సభలో నెవరును వానిని ప్రత్యేకముగ చూడకపోవచ్చును. కాని రాజు దుఃఖము నిజమని సభ నమ్ముటకు ఆ ఈటెయు నొక కారణమగును. నటుడు చూపునది భావము. ప్రేక్షకుడు అనుభవించునది రసము. ఆ రెండింటి నడుమ వంతెనను కట్టుటలో అతి చిన్న పాత్రకును ఒక ఱాయి కలదు.

తల్లిదండ్రులారా, నాటకము మీ బిడ్డల చదువును చెఱచునని భయపడకుడు. పాఠమును వేళకు చదివి, తరువాత నాటకము నభ్యసించు బాలుడు స్పష్టముగ మాటలాడుట, ఇతరులు చెప్పునది వినుట, తన వంతు వచ్చువరకు నోర్చుట నేర్చుకొనును. అన్నిటికంటె ముఖ్యముగ, ఇతరుని బాధను తన బాధవలె తలచుట నేర్చుకొనును. వానలు తక్కువైన ఈ మెట్టభూమిలో ఒకరి కష్టము నొకరు పంచుకొననిచో ఎవరికిని బ్రతుకు లేదు. ఆ పంచుకొనుటయే సాత్త్వికాభినయమునకు మూలము. మంచి జీవితమునకును అదియే మూలము.

విద్యార్థులారా, వచ్చు వార్షికోత్సవమున మీకు రాజు వేషము రాలేదని చిన్నబుచ్చుకొనకుడు. తాడిపత్రిలో పుట్టిన రాఘవగారికి లోకమున పేరు తెచ్చినది రామరాజు వేషము కాదు, పఠాను వేషమని తలచుకొనుడు. మీకు దొరికిన పాత్రను నిండుగ నింపుడు.